నీళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి

ఇళ్ళు కట్టించే ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళు చేసి కిందటేడు రిటైరయ్యాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అనుభవాలు చెప్పమంటారు. పునాదుల గురించో, పర్మిట్ల గురించో, కాంట్రాక్టర్లతో మాట్లాడే ఒడుపు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కాల్చుకు తిన్నవి అరచేతి వెడల్పు ఉన్న అయిదు కన్నాలు అంటే నవ్వుతారు. నవ్వండి. మీ వంతు వచ్చేదాకా నవ్వండి.

వర్జీనియాలో, ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఇళ్ళు కట్టే చిన్న కంపెనీ మాది. నేను సైట్ సూపర్వైజర్‌ని. పునాది తవ్విన రోజు నుంచి తాళంచెవులు చేతిలో పెట్టే రోజు దాకా ఎవరు ఎప్పుడొచ్చి ఏం చెయ్యాలో చూసుకోవడం నా పని. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, ఇక్కడికొచ్చి, ఒక హార్డ్‌వేర్ దుకాణంలో మూడేళ్ళు టైల్స్ అమ్మి, తర్వాత ఈ ఉద్యోగంలో చేరాను. మొదట్లో సైట్‌కి వచ్చినవాళ్ళు ఆడమనిషినైన నన్ను చూసి, ఇక్కడ బాధ్యత ఎవరిది అని అడిగేవాళ్ళు. నాదే అని చెప్పడానికి ఏడాది పట్టింది. నమ్మడానికి వాళ్ళకి ఇంకో రెండేళ్ళు పట్టింది.

అమెరికా ఇళ్ళలో బాత్‌రూమ్ నేల తడవదు. తడవకూడదని ఇక్కడివాళ్ళ నమ్మకం. నీళ్ళన్నీ టబ్బులోనో, షవర్ గాజు తలుపు వెనకో ఉండాలి. బయట ఒక చుక్క పడితే తువ్వాలు వేసి తుడుస్తారు. అందువల్ల నేలకి తూము ఉండదు. బేస్‌మెంట్‌లో ఒకటి, అదీ హీటర్ పక్కన ఉంటుంది. మన ఇళ్ళలో లాగా బకెట్టు నీళ్ళు పారబోసి చీపురుతో తోసేస్తే, ఆ నీళ్ళు కింద అంతస్తులో భోజనాల బల్ల మీద తేలతాయి.

ఈ కథలోని ఇంటావిడకి ఆ సంగతి అనుభవమే. ఆవిడ నిజామాబాద్ వైపు అమ్మాయి, ఫార్మసిస్టు. భర్త డేటా సెంటర్‌లో పనిచేస్తాడు. ఇద్దరు పిల్లలు. అంతకుముందు వాళ్ళు అద్దెకున్న టౌన్‌హౌస్‌లో పై అంతస్తులో వాషింగ్ మెషీన్ గొట్టం పగిలింది. ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రం వచ్చి చూస్తే కింద హాలు సీలింగ్ ఊడి సోఫా మీద పడి ఉంది. ఆరబెట్టే ఫ్యాన్ల మోతలో మూడు వారాలు గడిపారట. పిల్లవాడు ఆ మోతకు అలవాటుపడి, ఫ్యాన్లు తీసేసిన రోజు నిద్రపోలేదట. అందుకని ఆవిడ మా కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు పెట్టిన మొదటి షరతు వంటగది గురించి కాదు. నీళ్ళుండే ప్రతి గదికీ నేలలో తూము కావాలి. పైన మూడు బాత్‌రూములు, పైన లాండ్రీ గది, కింద బేస్‌మెంట్ బాత్‌రూమ్. మొత్తం అయిదు.

మా యజమాని మంచివాడే. రెండు తరాలుగా ఇళ్ళు కడుతున్న కుటుంబం. నేల మీద నీళ్ళు ఎందుకు పోసుకుంటారని నన్ను అడిగాడు. కాళ్ళు కడుక్కుంటారు, నేల కడుగుతారు అన్నాను. మాప్ ఉంది కదా అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం మొదలుపెడితే రెండు దేశాల చరిత్ర చెప్పాలి. ఊరుకున్నాను. సరే, ఇది నీ ఫైల్ అని తేల్చేశాడు. తెలుగువాళ్ళవి అన్నీ నా ఫైళ్ళే. ఈశాన్యంలో టాయిలెట్ వద్దన్నా, పొయ్యి తూర్పు ముఖంగా ఉండాలన్నా, గుమ్మాలు సరిసంఖ్యలో ఉండాలన్నా నా దగ్గరికే పంపేవాడు. నేను ఇంజినీరింగ్ చదివానో పౌరోహిత్యం చదివానో ఆయనకి చివరిదాకా స్పష్టంగా తెలియదు.

మా ప్లంబరు వెస్ట్ వర్జీనియా కొండల నుంచి వచ్చిన పెద్దాయన. పొద్దున ఆరున్నరకే సైట్‌లో ఉంటాడు. నిన్నటి కాఫీ తాగుతాడు. మాట్లాడటానికి ఇష్టపడడు. ప్లాన్ చూసి, నేలకి ఇన్ని తూములా, ఇది ఇల్లా, కబేళానా అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఇంకో మాట అనలేదు.

కింద బేస్‌మెంట్‌లోది సులువు. కాంక్రీటు పొయ్యకముందే పైపు వేసి, దాని చుట్టూ వాలు ఇచ్చి పోసేశారు. పైనున్న నాలుగింటితోనే చిక్కు. పై అంతస్తు అంతా చెక్క. చెక్క దూలాల మధ్య ఉన్న ఖాళీలోంచే పైపు వెళ్ళాలి. ఇంటావిడకి మాత్రం తూము గది మధ్యలో ఉండటానికి వీల్లేదు, మూలకే ఉండాలి. కాలికి తగలకూడదని. ఆ మూలలో సరిగ్గా దూలం ఉంది. పెద్దాయన దూలం కొయ్యనంటాడు. ఆవిడ మూల వదలనంటుంది. ఇద్దరి మధ్య నేను టేపు పట్టుకుని నాలుగు గదుల్లో మోకాళ్ళ మీద పాకాను. మూడుసార్లు ఆవిడని సైట్‌కి పిలిపించాను. చివరికి మూల నుంచి ఎనిమిది అంగుళాలు జరిపితే దూలం తప్పుతుందని తేలింది. ఎనిమిది అంగుళాల కోసం మూడు వారాలు.

పైపులు బిగించడం అయిపోయిన రోజు పెద్దాయన నన్ను పైకి పిలిచాడు. తూమును నేల కంటే తగినంత కిందికి పెట్టాను, నాలుగు వైపుల నుంచీ నేల దీనికేసి వాలాలి, టైల్ వేసేవాడికి చెప్పు అన్నాడు. చెబుతాను అన్నాను. ఆయన అంతటితో ఊరుకోకుండా నల్ల మార్కర్ తీసి చెక్క నేల మీద నాలుగు దిక్కుల నుంచి తూము వైపు పెద్ద పెద్ద బాణాలు గీశాడు. నాలుగు గదుల్లోనూ గీశాడు. ఆయనకి నా మీద నమ్మకం లేదని నాకు కోపం వచ్చింది.

ఆ మధ్యాహ్నమే టైల్ మేస్త్రీకి మెసేజీ పెట్టాను. అప్పుడు నేను ఇంకో ఇంట్లో ఉన్నాను. అక్కడ వంటగది అలమరాలు తప్పు రంగువి వచ్చాయి, డ్రైవర్ దించనా వద్దా అని వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు. ఒక చేత్తో వాణ్ణి ఆగమంటూ, ఇంకో చేతి బొటనవేలితో మెసేజీ కొట్టాను. పంపేశాను. నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

ఆ మేస్త్రీ గ్వాటెమాలా నుంచి వచ్చినవాడు. మా కంపెనీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆయన వేసిన టైల్ మీద గోళీకాయ పెడితే కదలదని మా దగ్గర చెప్పుకునేవాళ్ళు. ఎర్ర గీత పడే లేజర్ పరికరం పెట్టుకుని, వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా పరుస్తాడు. షవర్ లోపల మాత్రం తూముకేసి వాలు ఇస్తాడు. అది ఇక్కడ అందరూ ఇచ్చేదే. షవర్ బయట ఉన్నది ఆయన దృష్టిలో నేల. నేల అంటే సమతలంగా ఉండాలి.

ఒక శుక్రవారం పని అయిపోయిందంటే వెళ్ళి చూశాను. లేత బూడిదరంగు టైల్. సందులన్నీ గీత గీసినట్టున్నాయి. మూలకి ఎనిమిది అంగుళాల దూరంలో స్టీలు జాలీ మూత మెరుస్తోంది. చెయ్యి వేసి తడిమితే టైల్ ఎక్కడ ఆగిందో, మూత ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఫోటోలు తీసుకున్నాను. కాగితం మీద సంతకం చేశాను. అక్కడే కుళాయి ఉంది. చెంబుడు నీళ్ళు పట్టి పోసి చూడటానికి అర నిమిషం పట్టేది. శుక్రవారం సాయంత్రం ఆ అర నిమిషం ఎవరికీ ఉండదు, నాకూ లేదు.

గృహప్రవేశానికి పదకొండు రోజుల ముందు, గురువారం నాడు, భార్యాభర్తలిద్దరూ ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. ఇల్లు అప్పగించే ముందు కొనేవాళ్ళతో కలిసి ప్రతి గదీ తిరిగి, గీతలు, మరకలు రాసుకోవడం ఆనవాయితీ. భర్త చేతిలో ఇరవై రెండు అంశాల చిట్టా ఉంది. ఇంటావిడ కారు డిక్కీ తెరిచి నీలం ప్లాస్టిక్ బకెట్టు, మగ్గు తీసింది. ఇండియన్ గ్రోసరీ వాళ్ళ ధర చీటీ ఇంకా దానికి అంటుకునే ఉంది.

మొదట బేస్‌మెంట్‌కి వెళ్ళాం. ఆవిడ బకెట్టు నింపి పారబోసింది. నీళ్ళు గిరగిరా తిరిగి తూములోకి దిగిపోయాయి. ఆ ఇల్లు మొదలుపెట్టాక ఆవిడ నవ్వడం నేను అప్పుడే చూశాను. భర్త కూడా చిట్టా జేబులో పెట్టుకున్నాడు.

పైకి వెళ్ళాం. పెద్ద బాత్‌రూములో ఆవిడ మళ్ళీ బకెట్టు నింపి, తూముకి రెండడుగుల దూరంలో నిదానంగా పోసింది. నీళ్ళు గుండ్రంగా పరుచుకున్నాయి. కాసేపు అక్కడే నిలిచాయి. తర్వాత ఒక అంచు నుంచి సన్నటి ధార బయల్దేరింది. తూము వైపు కాదు. గుమ్మం వైపు.

ముగ్గురం చూస్తూ నిలబడిపోయాం. గుమ్మం దాటితే గదుల మధ్య వరండాలో కొత్త ఓక్ చెక్క నేల. అది వాళ్ళు ఏరికోరి వేయించుకున్నది. భర్త గబగబా జాకెట్ విప్పి గుమ్మానికి అడ్డంగా పడేశాడు. నేను నా శాలువా వేశాను. ఆవిడ కదల్లేదు.

"ఇదేంది అక్కా, నీళ్ళు ఇటు వస్తున్నయ్?" అంది.

ఇక్కడ నేను చేసిన పని మీకు చెప్పకుండా దాటెయ్యవచ్చు. చెబుతున్నాను. నేను అబద్ధమాడాను. ఇది రోజువారీ నీళ్ళకి కాదమ్మా, గొట్టం పగిలినట్టు పెద్దగా నీళ్ళు నిండితే అప్పుడు దీంట్లోకి పోతాయి, డిజైన్ అలాగే ఉంటుంది అన్నాను. నోట్లోంచి మాట వస్తుండగానే అది ఎంత బుద్ధితక్కువ మాటో నాకు తెలుసు. నీళ్ళు నిండేలోపు గుమ్మం దాటిపోతాయి కదా.

ఆవిడ గొంతు పెంచలేదు. వంగి నా తడి శాలువా తీసి, పిండి, నా చేతికిచ్చింది. "టౌన్‌హౌస్ మేనేజర్ గూడ ఇట్లనే చెప్పిండు అక్కా. గొట్టం మంచిదే, ఏం కాదని" అంది. మిగతా మూడు గదుల్లోనూ బకెట్టు నింపి పోసింది. లాండ్రీ గదిలో నీళ్ళు ఎటూ పోకుండా మడుగు కట్టాయి. మిగిలిన రెండు బాత్‌రూముల్లో గుమ్మం వైపే వచ్చాయి. భర్త చిట్టా మళ్ళీ తీసి, ఇరవై మూడో అంశం రాసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళగానే మేస్త్రీకి ఫోన్ చేశాను. నా జీవితంలో ఎవరితోనూ అంత ఘోరంగా మాట్లాడలేదు. వాలు ఇవ్వాలని తెలీదా, పదకొండేళ్ళుగా ఏం చేస్తున్నావు, ఆ ఇల్లు ఇప్పుడు ఎవరు బాగు చేస్తారు అని అరిచాను. ఆయన ఒక్కటే అన్నాడు, రేపు వస్తాను అని. మర్నాడు పొద్దున ఆఫీసులో యజమానికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నీ వాళ్ళకి నచ్చజెప్పలేవా, అది అత్యవసరానికి మాత్రమే అని కాగితం మీద రాయించుకుందాం అన్నాడు. వాళ్ళు ఒప్పుకోరన్నాను. అయితే ఇక ఆ మేస్త్రీ మనకి వద్దు, వచ్చే నెల నుంచి ఇంకొకణ్ణి చూడు అన్నాడు. నేను కిక్కురుమనలేదు. మనసులో సబబే అనిపించింది.

సైట్‌కి వెళ్ళేసరికి మేస్త్రీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పనిబట్టలు కాదు, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. లేచి, మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చాడు. తెర మీద నా మెసేజీ ఉంది. అలమరాల గొడవలో నేను బొటనవేలితో కొట్టింది.

బాత్‌రూములూ లాండ్రీలో తూము మూత టైల్‌కి సరిగ్గా సమంగా ఉండాలి, ఎక్కడా ఎత్తుపల్లాలు వద్దు. అంతే. వాలు అన్న మాట లేదు.

నేను చెప్పాలనుకున్నది వేరు. మూత అంచు కాలికి గుచ్చుకోకూడదని, దాని చుట్టూ టైల్ కలిసిపోవాలని నా ఉద్దేశం. వాలు సంగతి ఆయనకి ఎలాగూ తెలుస్తుందని బుర్రలో అనుకున్నాను, వేలికి రాలేదు. ఆయన అక్షరాలా పాటించాడు. ఆ మూత మరతో తిరుగుతుంది, పైకీ కిందకీ జరుగుతుంది. పెద్దాయన కిందికి పెట్టిన మూతను మేస్త్రీ జాగ్రత్తగా పైకి తిప్పి, తన సమతల నేలకి కలిపాడు. ఎత్తుపల్లాలు లేకుండా. నాలుగు గదుల్లోనూ.

"చదువు" అన్నాడు ఇంగ్లీషులో. చదివాను. "ఇప్పుడు చెప్పు, నేను ఏం తప్పు చేశాను?"

తప్పేం లేదన్నాను. ఆయన ఫోన్ తీసుకుని వెళ్ళి తన ట్రక్కులో కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండు గంటలు నేను చేసిన పని ఏమిటంటే, ఏమీ చెయ్యలేదు. కారులో కూర్చుని పెరుగన్నం డబ్బా తెరిచి మూసేశాను. ఆ మెసేజీ మేస్త్రీ, నేను తప్ప మూడోవాడు చూడలేదు. యజమాని అప్పటికే నిర్ణయం తీసుకున్నాడు. మేస్త్రీకి ఇంగ్లీషు అంత బాగా రాదు, ఆఫీసుకి వెళ్ళి వాదించడు. నాకు రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఈ లెక్కలన్నీ నేను వేసుకున్నాను. చివరికి ఆఫీసుకి వెళ్ళింది ఏదో గొప్ప నిజాయితీ పొంగుకొచ్చి కాదు. మేస్త్రీ ట్రక్కు ఇంకా అక్కడే ఉంది. నేను కారు తియ్యాలంటే ఆయన ముందునుంచే వెళ్ళాలి. ఆయన ముఖం చూసి ఇంటికి వెళ్ళలేకపోయాను.

యజమాని ముందు ఆ మెసేజీ పెట్టాను. నా పొరపాటు, మేస్త్రీది కాదు, చూడకుండా సంతకం పెట్టింది కూడా నేనే అన్నాను. ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత, పగలగొట్టడానికి ఎన్ని రోజులు పడుతుంది అని అడిగాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ఏడాది నాకు రావలసిన పెద్ద ప్రాజెక్టు ఇంకొకరికి వెళ్ళింది. దాని గురించి కూడా ఏమీ అనలేదు.

మూడు వారాలు పడుతుందని తేలింది. టైల్ పగలగొట్టాలి, దాని కింద నీళ్ళు దిగకుండా పరిచిన రబ్బరు పొర కోసెయ్యాలి, కొత్త పొర వేసి నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచాలి, కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి, అప్పుడు వాలు ఇచ్చి మళ్ళీ టైల్. ముహూర్తం పది రోజుల్లో ఉంది. అది దాటితే నెలన్నర దాకా మంచి రోజు లేదు. వాళ్ళు టౌన్‌హౌస్ ఖాళీ చేస్తామని ఎప్పుడో చెప్పేశారు, అందులోకి వేరేవాళ్ళు వస్తున్నారు.

ఈ సంగతి చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. హాలంతా సీలు వేసిన పెట్టెలు. వాటి మధ్య సందులో కూర్చుని చెప్పాను. మెసేజీ సంగతి కూడా చెప్పాను. భర్త లేచి నిలబడ్డాడు. మీరు తెలుగువాళ్ళని, మీకు చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుందనే కదా మేడమ్ ఈ కంపెనీకి వచ్చాం అన్నాడు. చాలాసేపు అన్నాడు. అన్నదంతా నిజమే కాబట్టి రాయడం లేదు. చివరికి, పోనీ ఇప్పటికి ఆ నేలలు అలాగే ఉంచి ముహూర్తానికి ఇల్లు ఇచ్చెయ్యండి, తర్వాత చూద్దాం అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇంటావిడ తల అడ్డంగా ఊపింది. "ఇంట్ల దిగినంక ఎవరొచ్చి పగలగొడ్తరు? ముహూర్తం ఇంకోటి చూసుకుందాం" అంది. నా వైపు తిరిగి, "ఈసారి మెసేజ్ పెట్టకండి అక్కా. దగ్గర నిలబడి చెప్పండి" అంది. టీ ఇవ్వలేదు. కప్పులన్నీ పెట్టెల్లో ఉన్నాయి, అదీ నిజమే అనుకోండి.

సోమవారం పొద్దున ముగ్గురం పెద్ద బాత్‌రూములో నిలబడ్డాం, ప్లంబరు పెద్దాయన, మేస్త్రీ, నేను. మేస్త్రీ తను వేసిన టైల్ తాను పగలగొట్టనన్నాడు. కోపంతో కాదు, చెయ్యి రాదని. పెద్దాయన నిట్టూర్చి సుత్తి అందుకున్నాడు. మేస్త్రీ వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. మొదటి దెబ్బకి ఆయన కళ్ళు మూసుకోవడం నేను చూశాను.

టైల్ పోయింది, సిమెంటు పోయింది, రబ్బరు పొర లేపారు. కింద చెక్క మీద నల్ల బాణాలు బయటపడ్డాయి. నాలుగు వైపుల నుంచీ తూము కేసి. పెద్దాయన వాటిని చూపించి మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఒంగి చూసి, ఇవి పైపు ఏ దారిన వెళ్ళిందో గుర్తు కోసం గీశారనుకున్నాను అన్నాడు. నాలుగు దిక్కుల నుంచి నాలుగు పైపులు ఒక తూముకి ఎందుకొస్తాయి అన్నాడు పెద్దాయన. కబేళాకైతే వస్తాయేమో, ఇది కబేళానా అని నువ్వే అడిగావు కదా అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. ముగ్గురం ఎవరికి వాళ్ళం అవతలివాళ్ళకి చెప్పేశామని అనుకున్నవాళ్ళమే. ఒకరు బాణం గీశారు, ఒకరు మెసేజీ కొట్టారు, ఒకరు దాన్ని అక్షరాలా పాటించారు. ఒక్కసారి ముగ్గురం కలిసి ఆ గదిలో అయిదు నిమిషాలు నిలబడి ఉంటే సరిపోయేది.

ఆ మూడు వారాలు నేను ఆ ఇల్లు వదల్లేదు. వాలు ఇస్తే గది అంచులు పైకి లేస్తాయి, గుమ్మం దగ్గర వరండాకీ బాత్‌రూముకీ ఎత్తు తేడా వస్తుంది. తలుపులు కిందివైపు కొయ్యాల్సొచ్చింది. గుమ్మానికి రాయి అడ్డం పెట్టాలన్నాను. కాలికి తగిలి పడతారని యజమాని అభ్యంతరం చెప్పాడు. ఇంటావిడని అడిగితే, గడప ఉంటే ఎవరైనా వద్దంటరా అంది. అది ఫోన్‌లో. ఆవిడ నాతో మాట్లాడింది ఆ మూడు వారాల్లో ఆ ఒక్కసారే. వాళ్ళు నలుగురూ స్నేహితుల బేస్‌మెంట్‌లో ఉన్నారు. ముహూర్తం రోజున, అంటే దాటిపోయిన ముహూర్తం రోజున, నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. లాండ్రీ గదిలో సిమెంటు కలుపుతున్నారు. పంతులుగారికి రావద్దని ఫోన్ చేసింది కూడా నేనే. ఆయన నంబరు వాళ్ళకి ఇచ్చింది నేనే కాబట్టి.

మేస్త్రీకి వాలు ఇవ్వడం రాక కాదు. షవర్‌లో ఎన్నిసార్లు ఇచ్చాడో. పెద్ద గది మొత్తానికి ఇవ్వడం ఆయనకి మింగుడుపడలేదు. లేజర్ గీత పెట్టి, దానికి దిగువగా అడుక్కి పావంగుళం లెక్కన దించుతూ, ప్రతి టైల్ పెట్టాక ఆగి చూసేవాడు, ఏదో అపచారం చేస్తున్నట్టు. మూలల్లో టైల్ ఏటవాలుగా కొయ్యాల్సొచ్చింది. పాత పని చూసిన కళ్ళకి ఇది అందంగా లేదు. నిజం చెబుతున్నాను, లేదు.

ఈసారి నేనే బకెట్టు కొన్నాను. నాలుగు గదులూ అయ్యాక అందరినీ పిలిచాను. ఇంటావిడ కూడా వచ్చింది. పొయ్యమని ఆవిడకిస్తే, తీసుకుని మేస్త్రీకి అందించింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, గుమ్మం దగ్గరే, అన్నిటికంటే కష్టమైన చోట పోశాడు. నీళ్ళు కాసేపు ఊగిసలాడాయి. తర్వాత ఒక అంచు కదిలింది, దాని వెనకే మిగతావన్నీ కదిలి, గోడ వారగా వెళ్ళి తూములో పడ్డాయి. టైల్ మీద తడి మాత్రం మిగిలింది. మేస్త్రీ ఆ తడి మీద అరచెయ్యి పెట్టి రాశాడు. సరే అన్నాడు. నాలుగు గదుల్లోనూ పోసి చూశాం. ఆవిడ కాగితం మీద సంతకం చేసి, మేస్త్రీకి రెండు చేతులతో దండం పెట్టి వెళ్ళిపోయింది. నాకు పెట్టలేదు.

నెలన్నర తర్వాత వచ్చిన ముహూర్తానికి గృహప్రవేశం అయింది. నన్ను పిలవలేదు. మేస్త్రీని పిలిచారు. కుటుంబంతో వెళ్ళి, తిని వచ్చాడు. పులిహోర బాగుందని నాకు చెప్పాడు. ఆ మాట నాతో చెప్పకూడదని ఆయనకి తోచలేదు మరి.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఏ ముఖ్యమైన మాటా మెసేజీలో పెట్టలేదు. కారేసుకుని వెళ్ళి చెప్పేదాన్ని. నా పెట్రోలు, నా నడుము రెండూ అరిగిపోయాయి. చిన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పటి పిల్లలు యాప్‌లో అంతా ఉంటుంది కదా ఆంటీ అంటారు. ఉంటుంది. ఆ రోజు నా మెసేజీలో కూడా అంతా ఉందనే అనుకున్నాను.

రెండేళ్ళు గడిచాక ఒకాయన ఫోన్ చేశాడు. ఆష్‌బర్న్‌లోనే స్థలం కొన్నాడట, ఇల్లు కట్టాలి, నేనే చూడాలట. నా పేరు ఎవరు చెప్పారని అడిగాను. ఆ ఇంటావిడే. నాకు ఆశ్చర్యం వేసింది. ఏమని చెప్పిందండీ అన్నాను.

ఆయన కాస్త తటపటాయించాడు. "తప్పుగా అనుకోకండి. తూముల తప్పు ఆ అక్క ఒకసారి చేసేసిందండీ, వేరేవాళ్ళ దగ్గరికి పోతే వాళ్ళు ఇంకా చెయ్యాల్సి ఉంటది అని చెప్పింది."

అది మెచ్చుకోవడమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. కాగితం తీసుకుని, మీకు తూములు ఎన్ని కావాలని అడిగాను. తొమ్మిది అన్నాడు. బాత్‌రూములు ఎన్ని అన్నాను. ఆరు. లాండ్రీలు రెండు. ఎనిమిదే అయ్యాయి కదా, తొమ్మిదోది ఎక్కడ అన్నాను.

"పూజ గదిలో అండీ, అభిషేకానికి. గది మధ్యలో వద్దు, మూలకి రావాలి."

మీ ప్లాన్‌లో ఆ మూల దూలం ఉందో లేదో చూడాలి, రేపు పొద్దున ఆరున్నరకి సైట్‌కి రండి అన్నాను.